హోమ్ నుంచి బయటికొచ్చే పిల్లలకి మెంటార్‌గా ఆరు నెలలు: ఐదుకి మూడు స్టార్లు

నేరం కేసుల్లో పట్టుబడ్డ మైనర్లని ఉంచే జువెనైల్ హోమ్ నుంచి బయటికొచ్చిన పిల్లలకి వాలంటీర్లను జత చేసే ఒక సంస్థలో ఆరు నెలలు చేశాను. పేరు రాయట్లేదు, తిట్లు కూడా ఉన్నాయి కాబట్టి.

ట్రైనింగ్ బాగుంది. రెండు ఆదివారాలు, సొల్లు లేదు. కేసు గురించి నువ్వు అడగొద్దు, వాడు చెబితే విను. అప్పివ్వొద్దు, ఇంటి అడ్రస్ చెప్పొద్దు, ఫొటో దిగి స్టేటస్ పెట్టొద్దు. మన మీద పోలీస్ వెరిఫికేషన్‌కే ఐదు వారాలు పట్టింది, పట్టాలి కూడా.

నాకు జత చేసిన అబ్బాయి సైదాబాద్ హోమ్ నుంచి వచ్చాడు, 18 నిండాయి. ప్రతి శనివారం మలక్‌పేట మెట్రో దగ్గర ఇరానీ హోటల్లో కూర్చునేవాళ్లం. రెండు నెలలపాటు 'సార్' తప్ప ఇంకో మాట లేదు, ఉస్మానియా బిస్కెట్ చాయ్‌లో ముంచి అది విరిగి పడితే కప్పులోకే చూస్తూ ఉండేవాడు. నేనేమో 'జీవితంలో నీ లక్ష్యం ఏంటి' లాంటి ప్రశ్నలు కాగితం మీద రాసుకుని వెళ్లేవాణ్ని, ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది. మూడో నెలలో ఒక సెల్‌ఫోన్ షాపులో పని అడగటానికి వెళ్తే ఓనర్ "రెండేళ్లు ఎక్కడున్నావ్?" అన్నాడట, వీడు లేచి వచ్చేశాడు. ఆ రాత్రి ఫోన్ చేసి మొదటిసారి 'అన్నా' అన్నాడు.

ఆ ఓనర్‌కి ఏం చెప్పాలో ట్రైనింగ్‌లో ఎవరూ చెప్పలేదు, కోఆర్డినేటర్‌ని అడిగితే 'పాజిటివ్‌గా ఉండమనండి' అన్నారు. చివరికి నేనే కూర్చుని 2015 జువెనైల్ జస్టిస్ చట్టం చదివాను. 24వ సెక్షన్ ప్రకారం ఆ కేసువల్ల వీళ్లకి ఏ అనర్హతా రాకూడదు, అప్పీలు గడువు దాటాక రికార్డు కూడా తీసేయాలి (16 దాటినవాళ్లని ఘోరమైన నేరాల్లో పెద్దవాళ్లలా విచారించి తేల్చిన కేసులు వేరు). 18 నిండి హోమ్ వదిలేవాళ్లకి ఆర్థిక సాయం అనేది 46వ సెక్షన్‌లో ఉంది, కేంద్ర ప్రభుత్వ పథకం మిషన్ వాత్సల్య కింద ఆఫ్టర్‌కేర్‌కి, అంటే హోమ్ వదిలాక నిలదొక్కుకోవడానికి, నెలకి 4,000 రూపాయలు. ఇవి మాకు మొదటి ఆదివారమే చెప్పాల్సింది. వాడికి మోటివేషన్ కంటే ఈ రెండు సంగతులే ఎక్కువ పనికొచ్చాయి.

అసలు కోపం ఐదో నెలలో వచ్చింది. స్పాన్సర్ల మీటింగ్ ఉందట, అబ్బాయిని స్టేజీ ఎక్కించి 'తన కథ' చెప్పించాలట, ఫొటో పేపర్‌కి ఇస్తారట. స్టేటస్ కూడా పెట్టొద్దని మాకు పాఠం చెప్పింది వీళ్లే! అలాంటి పిల్లల గుర్తింపు బయటపెడితే 74వ సెక్షన్ కింద ఆరు నెలల వరకు జైలు, లేదా రెండు లక్షల వరకు జరిమానా, లేదా రెండూ అని మెయిల్ పెట్టాను. ఆ తర్వాత ఆ మాట ఎత్తలేదు, నాతో మాట్లాడటం కూడా కాస్త తగ్గించారు.

ఇంకోటి, ఆరు నెలలు మరీ తక్కువ. మూడు నెలలు వాడు నోరు విప్పడానికే సరిపోయాయి. ఇంకో ఏడాది కొనసాగిస్తానంటే కొత్త బ్యాచ్ వస్తోంది, ఇంకొకరిని ఇస్తాం అన్నారు, ఒక సర్టిఫికెట్ చేతిలో పెట్టారు. చేరేవాళ్లు ముందే గడువు గురించి, చట్టం తెలిసినవాళ్లు ఆఫీసులో ఉన్నారా అని అడగండి.

వాడిప్పుడు బైక్ మెకానిక్ దగ్గర పనిచేస్తున్నాడు, శనివారం కుదరట్లేదు, ఆదివారానికి మార్చుకున్నాం. ఆరు నెలలయ్యాక కలవొద్దని ఏ ఫారంలోనూ లేదు, వెతికి చూశాను.