సింగ్‌నగర్ సర్కారు బడులు: ఇద్దరు పిల్లల్ని చదివించాక నా అభిప్రాయం

విజయవాడ సింగ్‌నగర్‌లో అద్దెకు దిగేవాళ్లు మొదట అడిగేది నీళ్ల గురించి, ఆ తర్వాత బడి గురించి. రెండో ప్రశ్నకు జవాబు నా దగ్గర ఉంది. మా ఇంటి నుంచి నడిచి వెళ్లగలిగే దూరంలో మూడు బడులున్నాయి: ఒక కార్పొరేషన్ ప్రాథమిక పాఠశాల, ఒక కార్పొరేషన్ ఉన్నత పాఠశాల, ఒక పాత ఎయిడెడ్ స్కూలు, అంటే ప్రైవేటు యాజమాన్యం నడుపుతుంటే టీచర్లకు సర్కారు జీతాలిచ్చే బడి. మొదటి రెండింటిలో మా అమ్మాయి, అబ్బాయి చదివారు. మూడోదాంట్లో మా తోటికోడలి కొడుకు. పేర్లు రాయడం లేదు. హెచ్ఎం బదిలీ అయితే బడి తీరే మారిపోతుంది కాబట్టి పేరును నమ్ముకుని చేర్పించడం దండగ.

భవనాల గురించి రెండు మాటలు చాలు. 2019లో సర్కారు బడుల్ని బాగుచేసే నాడు-నేడు పథకం మొదలయ్యాక మా కార్పొరేషన్ బడులు రెండూ ఒకేలా తయారయ్యాయి: టైల్స్, కొత్త బెంచీలు, తాగునీటి యంత్రం, గోడల నిండా బొమ్మలు. వాటిని చూసి బడిని అంచనా వేయలేం. మరుగుదొడ్లను చూసి మాత్రం వేయవచ్చు, అది కూడా మధ్యాహ్నం మూడింటికి వెళ్తేనే. పొద్దున అన్నీ తళతళలాడుతూనే ఉంటాయి. ఉన్నత పాఠశాలలో ఆయా భోజనాల తర్వాత మళ్లీ కడుగుతుంది. ప్రాథమిక పాఠశాలలో ఆ పూట ముక్కు మూసుకోవాల్సిందే. పిల్లల్ని బడికి పంపే తల్లులకు ప్రభుత్వం ఇచ్చే తల్లికి వందనం 15,000 రూపాయల్లో 13,000 మా ఖాతాలో వేసి, మిగిలిన 2,000 బడి నిర్వహణకు, పారిశుధ్యానికి పట్టుకుంటున్నారు. కాబట్టి అడిగే హక్కు మనకుంది. తల్లిదండ్రుల కమిటీ సమావేశంలో నేను అడుగుతూనే ఉంటాను, కొందరికి అది నచ్చదు.

అసలు తేడా అంతా టీచర్లలో ఉంది. మా అమ్మాయి ప్రాథమిక పాఠశాలలో ఉన్నప్పుడు అయిదు తరగతులకు ఇద్దరే టీచర్లు. ఒకరు శిక్షణకో, ఎన్నికల పనికో వెళ్తే మిగిలినవారు పిల్లలందరినీ ఒకే గదిలో కూర్చోబెట్టి ఎక్కాలు చదివించేవారు. ఆ టీచర్లను తప్పుపట్టను, ఇద్దరూ ఓపికగలవాళ్లే. 2022లో 117 జీవో వచ్చి మూడు, నాలుగు, అయిదు తరగతులను ఉన్నత పాఠశాలకు మార్చారు. మా అబ్బాయి మూడో తరగతిలోనే మెయిన్ రోడ్డు దాటి, పదో తరగతి పిల్లల మధ్యకు వెళ్లాల్సి వచ్చింది. మొదటి నెలంతా నా పని మానుకుని వాడిని రోడ్డు దాటించాను. అయితే ఒక మేలు జరిగింది. లెక్కలకు లెక్కల టీచరు, ఇంగ్లిషుకు ఇంగ్లిషు టీచరు దొరికారు. 2025లో ఆ జీవోను రద్దు చేశారు. ఇప్పుడు ఆ ప్రాథమిక పాఠశాలలో తరగతికొక టీచరు ఉన్నారని పక్కింటివాళ్లు సంతోషంగా చెబుతున్నారు. మా పిల్లల కాలంలో ఆ భాగ్యం లేదు.

ఉన్నత పాఠశాలలో నాకు బాగా నచ్చినది నోటుపుస్తకాలు దిద్దే పద్ధతి. మా అమ్మాయి బీజగణితం లెక్క ఒకటి తప్పు చేస్తే, చివరి జవాబు మీద ఇంటూ గుర్తు పెట్టి వదిలేయలేదు. మూడో వరుసలో ఎర్ర సిరాతో సున్నా చుట్టి, ‘ఇక్కడున్న మైనస్ ఎక్కడికి పోయింది?’ అని రాశారు. కింద అదే రకం లెక్క మరొకటి ఇచ్చారు. అదే వారం ఎయిడెడ్ స్కూలు పిల్లాడి పుస్తకం తిరగేస్తే, పేజీ చివర టిక్కులు తప్ప ఏమీ లేవు. చదవకుండా పెట్టిన టిక్కు ఇట్టే తెలిసిపోతుంది.

ఆ లెక్కల మాస్టారు బదిలీ అయ్యాక తొమ్మిదో తరగతి సగం నుంచి పోస్టు ఖాళీ. జీవశాస్త్రం మేడమే లెక్కలు కూడా చెప్పారు, పాపం ఆమె చేయగలిగినంత చేశారు. 16,347 పోస్టుల మెగా డీఎస్సీ టీచర్ల నియామకాలు పూర్తయి 2025 అక్టోబరులో కొత్త మాస్టారు వచ్చేసరికి మా అమ్మాయి పదో తరగతికి వచ్చేసింది. ట్యూషన్ ఫీజు మాకు తప్పలేదు. ఎనిమిదో తరగతిలో ప్రభుత్వం ఇచ్చిన ట్యాబ్ పాఠాల కంటే పాటలకే ఎక్కువ పనికొచ్చింది.

ఇంగ్లిషు మీడియం గురించి భయపడేవాళ్లకు ఒక మాట: పాఠ్యపుస్తకంలో ఒక పేజీ ఇంగ్లిషు, ఎదురు పేజీ తెలుగు. మా అబ్బాయి ముందు తెలుగు చదువుకుని తర్వాత ఇటు చూస్తాడు. దానికి నేనేమీ అనను.

ఎయిడెడ్ స్కూలుకు ఒకప్పుడు మంచి పేరు. మా ఆయన అక్కడే చదివారు. 2021లో ఎయిడెడ్ టీచర్లను ప్రభుత్వంలోకి తీసుకునే ఉత్తర్వు వచ్చాక పాతవాళ్లు వెళ్లిపోయారు. వాళ్ల స్థానంలో తక్కువ జీతానికి వచ్చినవాళ్లు ఏడాది తిరక్కుండానే మారిపోతున్నారు. ఫీజు కూడా మొదలైంది. ఆటస్థలం ఒక్కటే ఇప్పటికీ మూడు బడుల్లో వాళ్లదే పెద్దది.

భోజనం మీద ఫిర్యాదులు తగ్గాయి. 2025 జూన్ నుంచి సన్నబియ్యం వస్తోంది, అన్నం ముద్ద కావడం లేదు. గుడ్డు, చిక్కీ, రాగిజావ ఉన్నాయి. పప్పు మాత్రం కొన్ని రోజులు నీళ్లే. వడ్డించే అక్కలకు బిల్లులు ఆలస్యమైనప్పుడు అది పప్పులోనే కనిపిస్తుంది.

2024 సెప్టెంబరులో బుడమేరు వాగు పొంగినప్పుడు మా వీధితోపాటు ఈ బడులూ మునిగాయి. నీళ్లు తీశాక ముందుగా తెరుచుకున్నది ఉన్నత పాఠశాలే. హెచ్ఎం స్వయంగా బురద ఎత్తించారు, తడిసిన పుస్తకాలకు బదులు కొత్తవి తెప్పించారు.

కొత్తగా చేర్పించేవాళ్లకు నా సలహా: ఒకటి నుంచి అయిదు వరకు ఇప్పుడైతే ప్రాథమిక పాఠశాల, ఆరు నుంచి ఉన్నత పాఠశాల. ఎయిడెడ్ స్కూలు ఇంటి పక్కనే ఉంటే తప్ప వద్దు. చేర్పించే ముందు హెచ్ఎంను ఏ సబ్జెక్టు పోస్టు ఖాళీగా ఉందో సూటిగా అడగండి, ఆ తరగతి పిల్లల పుస్తకం ఒకటి చూపించమనండి. వరదలో జనన ధ్రువపత్రం పోయినవాళ్లు మా వీధిలోనే ఉన్నారు. అది లేదని చేర్చుకోకుండా తిప్పి పంపడానికి విద్యాహక్కు చట్టం ఒప్పుకోదు, గట్టిగా చెప్పండి.