సెటిల్‌మెంట్ క్లెయిమ్‌లో ఫ్లాట్ అమౌంటా, లెక్క తీసి పెట్టడమా? ఏది మేలు?

అమెరికాలో ఉన్న మనవాళ్ళు నన్ను పదేపదే అడిగే ప్రశ్న ఇది. చాలామంది కస్టమర్ల తరఫున కలిపి వేసిన కార్డు ఫీజుల కేసులో సెటిల్‌మెంట్ అయిందని, అంటే కంపెనీ ఇంత డబ్బు ఇచ్చి రాజీ పడిందని, పోస్ట్‌కార్డో ఈమెయిలో వస్తుంది. ఫారం తెరిస్తే ఏ కాగితమూ అక్కర్లేదు ఇంత ఇస్తాం అని ఒక ఆప్షన్, ఖర్చుల వివరాలు ఇస్తే ఇంకా ఎక్కువ రావచ్చు అని ఇంకో ఆప్షన్. దేనికి టిక్ పెట్టాలి అని ఫోన్లు. నా మొగ్గు ముందే చెప్పేస్తా, స్టేట్‌మెంట్లు దొరికే అవకాశం ఉంటే లెక్క తీసి పెట్టడమే మేలు.

చాలామంది ఫారం మీద కనిపించే అంకె చూసి డిసైడ్ అయిపోతారు. అసలు చూడాల్సింది అది కాదండీ, ఆ డబ్బు ఏ మూటలోంచి వస్తోంది, దాన్ని ఎంతమందికి పంచుతారు అన్నది. సెటిల్‌మెంట్ సొమ్ములోంచి ముందు లాయర్ల ఫీజు, నోటీసులు పంపిన ఖర్చు పోతాయి, మిగిలిందే మనకి. క్లెయిములు ఎక్కువైతే వందమందికి వండిన పప్పు అయిదొందల విస్తళ్ళలోకి వడ్డించినట్టు అందరి వాటా తగ్గుతుంది, దీన్నే నోటీసులో ప్రో రాటా అంటారు.

మన ఇండియా ప్రయాణాలకి దగ్గరగా ఉండే ఉదాహరణ కరెన్సీ కన్వర్షన్ ఫీజు కేసు. అమెరికా బ్యాంకులిచ్చిన వీసా, మాస్టర్‌కార్డ్, డైనర్స్ క్లబ్ కార్డుల్ని బయటి దేశాల్లో గీకితే పడే ఫీజుని అంతా కలిసి కూడబలుక్కుని పెట్టారనీ, సరిగ్గా చెప్పకుండా వసూలు చేశారనీ ఆరోపణ. తప్పు ఒప్పుకోకుండానే 33.6 కోట్ల డాలర్లకి సెటిల్ చేసుకున్నారు. 1996 ఫిబ్రవరి నుంచి 2006 నవంబర్ దాకా అలా కార్డు వాడినవాళ్ళు అర్హులు, క్లెయిముకి ఆఖరు తేదీ 2008 మే 30. అందులో మూడు ఆప్షన్లు: సులువుగా 25 డాలర్లు తీసుకోవడం, బయట ఎంతకాలం తిరిగారో చెప్తే వాళ్ళే అంచనా కట్టడం, ఏ ఏడాది ఎంత ఖర్చయిందో మనమే రాయడం. సులువైన దారిలో వెళ్ళినవాళ్ళకి ఆ 25 కూడా పూర్తిగా రాలేదు, 18 డాలర్ల దగ్గర ఆగింది, అదీ ఏళ్ళ తర్వాత.

ఇంకా ఘోరం, అప్పుల చరిత్ర రికార్డులు ఉంచే కంపెనీ ఈక్విఫ్యాక్స్ డేటా లీక్ సెటిల్‌మెంట్, 2019లో. అది కార్డు ఫీజుల కేసు కాదు కానీ పాఠం అదే. దాదాపు 14.7 కోట్ల మంది వివరాలు బయటికి పోయాయి, ఉచిత క్రెడిట్ మానిటరింగ్ (మన పేరు మీద ఎవరైనా అప్పు తీస్తున్నారేమో కనిపెట్టే సేవ) బదులు, అలాంటిది అప్పటికే ఉన్నవాళ్ళకి 125 డాలర్లు దాకా అన్నారు, అందరూ దానికే ఎగబడ్డారు. కానీ ఆ ఆప్షన్‌కి విడిగా పక్కన పెట్టింది 3.1 కోట్ల డాలర్లే! 125 చొప్పున అయితే రెండున్నర లక్షల మందికే సరిపోతుంది. అంత రాదు, ఉచిత మానిటరింగ్ తీసుకోవడం మేలు అని ఎఫ్‌టీసీనే, అంటే వినియోగదారుల్ని కాపాడే అమెరికా ప్రభుత్వ సంస్థే, చెప్పాల్సి వచ్చింది. నిజంగా జేబులోంచి డబ్బు పోయిందని కాగితాలు చూపించినవాళ్ళకి మాత్రం 20,000 డాలర్ల దాకా వేరే లెక్క. అందుకే నోటీసులో పంపకం గురించి రాసిన పేజీ తప్పకుండా చదవండి, మీ ఆప్షన్‌కి విడిగా పరిమితి ఉందా, తగ్గిస్తే అందరికీ తగ్గిస్తారా అన్నది అక్కడే ఉంటుంది.

లెక్క తీయడం అనుకున్నంత కష్టం కూడా కాదు. ఇండియా వెళ్ళిన నెల స్టేట్‌మెంట్ తెరవండి, బట్టల షాపు, హాస్పిటల్, హోటల్ ఒక్కోటి ఒక్కో లైను, ఫీజుల దగ్గర ఫారిన్ ట్రాన్సాక్షన్ ఫీ అని చిన్న చిన్న మొత్తాలు విడిగా కనిపిస్తాయి. 3 శాతం తీసే కార్డు మీద ఒక పెళ్ళి ప్రయాణంలో 4000 డాలర్లు గీకితే ఫీజే 120 డాలర్లు. అలాంటివి రెండు మూడు ప్రయాణాలు ఉన్నవాళ్ళు ఆ 25 లాంటి ఫ్లాట్ మొత్తానికి టిక్ పెట్టి వదిలేస్తే నాకు నిజంగా బాధేస్తుంది, అది మన కష్టార్జితం. అలాగని గుర్తులేనివి కల్పించి రాయొద్దు. ఫారం కింద సంతకం అబద్ధమైతే శిక్షకి ఒప్పుకుంటూ పెట్టేది, అమెరికాలో ఇమిగ్రేషన్ వీసా మీద ఉంటున్నవాళ్ళు మరీ జాగ్రత్త.

ఫ్లాట్ ఎవరికి మేలంటే, బయట కార్డు వాడింది కొంచెమే అయినవాళ్ళకి, లేదా కార్డు ఎప్పుడో క్లోజ్ చేసి ఆన్‌లైన్ లాగిన్ కూడా పోయినవాళ్ళకి. రెండు నిమిషాల పని, అది కూడా చేయకుండా ఉండటం కంటే నయం.

ఏమీ చేయకుండా ఊరుకుంటే డబ్బూ రాదు, తర్వాత అదే విషయం మీద కేసు వేసే హక్కూ పోతుంది. ఆప్ట్ అవుట్ అయితే, అంటే నన్ను ఈ సెటిల్‌మెంట్‌లో కలపొద్దని రాసిస్తే, ఆ హక్కు ఉంటుంది కానీ సొంత లాయర్‌ని పెట్టుకునేంత పెద్ద నష్టం ఉన్నవాళ్ళకే అది.

ఇండియాకి తిరిగి వచ్చేసే ఆలోచన ఉన్నవాళ్ళు కార్డు మూసేముందు దొరికినన్ని స్టేట్‌మెంట్లు పీడీఎఫ్‌గా దించుకోండి. పేమెంట్ ఎలా కావాలి అని అడిగినచోట పేపర్ చెక్ పెట్టకండి, పాత అడ్రస్‌కి పోతుంది, వచ్చినా దాని మీద గడువు ఉంటుంది, డాలర్ చెక్కుని ఇక్కడి బ్యాంకులో మార్చుకోవడం పెద్ద తలనొప్పి. అమెరికా అకౌంట్ ఒకటి తెరిచి ఉంచుకుని డైరెక్ట్ డిపాజిట్ పెట్టండి, అడ్రస్ మారితే అడ్మినిస్ట్రేటర్‌కి, అంటే క్లెయిములు చూసి డబ్బు పంపే సంస్థకి, రాసి పెట్టండి. క్లెయిమ్ వేయడానికి ఎవరైనా ఫీజు అడిగితే మాత్రం అది మోసమే, అసలు సెటిల్‌మెంట్లో క్లెయిముకి పైసా కట్టక్కర్లేదు.