ఉజ్జీవ సభా, గృహ దర్శనమా?

కోతలయ్యాక డెల్టా క్రైస్తవ సంఘాల్లో ఇదే చర్చ: రాత్రిళ్లు ప్రసంగాలతో ఉజ్జీవ సభ పెట్టాలా, ఇళ్లకు వెళ్లి కష్టాలు వినే గృహ దర్శనం చేయాలా?

ఖర్చు: సభకు పందిరి, మైకు, భోజనాలు. దర్శనానికి సైకిలు చాలు.

శ్రమ: సభ మూడు రాత్రుల్లో ముగుస్తుంది. దర్శనంలో వినడానికి అంతు లేదు. రొయ్యల చెరువులో నష్టపోయిన రైతు మొదట చెరువు నీటికి గాలి అందించే ఏరియేటర్ల కరెంటు బిల్లు గురించే మాట్లాడతాడు. అప్పు, నిద్రపట్టని రాత్రుల సంగతి టీ గ్లాసు ఖాళీ అయ్యాకే బయటపడుతుంది. అంతదాకా బైబిలు వాక్యం ఎత్తకుండా ఉండడమే కష్టం. బైబిల్లో సర్వం కోల్పోయిన యోబు దగ్గరికి వచ్చిన స్నేహితులు ఏడు రోజులు మౌనంగా కూర్చున్నప్పుడే ఓదార్చారు. నోరు తెరిచాక గాయపరిచారు.

ప్రమాదం: సభలో చెప్పింది ఎవరికీ తగలకపోవచ్చు. దర్శనంలో విన్నది పొక్కితే ఆ తలుపు మళ్లీ తెరుచుకోదు.

సువార్త అసలు వినని ఊరికి సభ మేలు. అప్పులో, చావులో ఉన్న ఇంటికి, తల్లి గల్ఫ్‌ వెళ్లిన పిల్లలకు మాత్రం దర్శనమే కావాలి.