నలభై మూడేళ్లుగా మోస్తున్న పేరు: బిలాల్

పోయిన నెల మా వీధిలో ఒక కుర్రాడికి కొడుకు పుట్టాడు. ఏడో రోజు అఖీఖా (బిడ్డకు పేరు పెట్టే వేడుక), ఆలోపు పేరు తేల్చుకోవాలి, ఇంట్లో తలా ఒక పేరు చెప్తున్నారు. రాత్రి పదింటికి నాకు ఫోన్ చేసి "బిలాలన్నా, నీ పేరే పెడదామనుకుంటున్నాం, ఇన్నేళ్లు ఆ పేరుతోనే ఉండావు కదా, ఎట్లుంటుందో ఉన్నదున్నట్టు చెప్పన్నా" అన్నాడు. ఫోన్లో చెప్పగలిగింది కొంచెమే. మిగతాది రాస్తున్నా, ఇదే పేరు అనుకుంటున్నవాళ్లు ఇంకెవరైనా ఉంటే పనికొస్తుంది.

నాది బనగానపల్లె. మా తరంలో మా వైపు మగపిల్లల పేర్లు చాలావరకు దర్గాల నుంచి వచ్చేవి. మస్తాన్ వలీ, దస్తగిరి, ఖాసిం వలీ, లేదంటే వెనక బాషా తగిలించి మహబూబ్ బాషా, చాంద్ బాషా, ఖాదర్ బాషా. ఏ క్లాసులో చూసినా ఇద్దరు బాషాలు, ఒక మస్తాన్ ఉండేవాళ్లు (హిందువుల ఇళ్లలో కూడా మొక్కుకుని మస్తానయ్య, మస్తానమ్మ అని పెట్టుకోవడం మాకు మామూలే). ఒకటి నుంచి పది దాకా బిలాల్ మాత్రం నేనొక్కణ్నే. పేరు పెట్టింది మా దాదా. ఆయన ఏళ్ల తరబడి మసీదులో అజాన్ (నమాజుకు పిలుపు) ఇచ్చిన మనిషి, అందుకే ఇస్లాంలో మొట్టమొదటి మౌజన్, అంటే అజాన్ ఇచ్చే మనిషి, పేరు పెద్ద మనవడికి పెట్టుకున్నాడు.

ముందు రోజువారీ వాడకం సంగతి చెప్తాను. అరబ్బీ పేర్లు చాలా వాటికి మన నోట్లో పడగానే ఆకారం మారిపోతుంది. ఫయాజ్ కాస్తా పయాజ్ అవుతాడు, ఆరిఫ్ ఆరీపు అవుతాడు, ఖాలిద్‌లో మొదటి అక్షరాన్ని అరబ్బులు పలికినట్టు పలికేవాళ్లు మన దగ్గర ఎంతమంది చెప్పండి. బిలాల్‌కు ఆ బాధ లేదు. ఉన్నవి బ, ల, రెండూ మన ఓనమాల్లోవే, దీర్ఘం కూడా అరబ్బీలో ఎక్కడుందో మనం అక్కడే పలుకుతాం. బనగానపల్లెలో ఎట్లా పిలిచారో కువైట్‌లోనూ అట్లాగే పిలిచారు. బ్యాంకులో, ఆసుపత్రిలో, రైల్లో పేరు రెండోసారి చెప్పాల్సిన అవసరం నాకు దాదాపు రాలేదు. ఇది చిన్న విషయం కాదు, జీవితమంతా పేరు దిద్దుకుంటూ బతికే స్నేహితులు నాకున్నారు.

ఒక్కటే చిక్కు. చివర పొల్లు ఉంటే మన నాలుక ఊరుకోదు, ఉకారం తగిలిస్తుంది. ఆరో తరగతిలో తెలుగు సారు ఏకవచనాలు, బహువచనాలు చెప్తూ బోర్డు మీద "బిలం – బిలాలు" అని రాశారు. క్లాసంతా తిరిగి నన్నే చూసింది. మా వైపు పిల్లలకు బిలం అంటే పుస్తకంలో మాట కాదు, బెలుం గుహలు కొలిమిగుండ్ల దగ్గరే, ఆ బెలుం అనే పేరు కూడా బిలం నుంచి వచ్చిందే. ఆ రోజు ఇంటికొచ్చి ఏడ్చి, నా పేరుకు అసలు అర్థమేంది అని దాదాను అడిగాను. "అది హజ్రత్ బిలాల్ పేరురా, ఇంకా అర్థంతో పనేముంది" అన్నాడు. ఆయనకు నిజంగానే తెలియదు. మా ఇంట్లో ఎవరికీ తెలియదు.

కథ మాత్రం అందరికీ తెలుసు, దాదా నాకు వందసార్లు చెప్పుంటాడు. హజ్రత్ బిలాల్ (రజి) మక్కాలో బానిస, తల్లి హమామా అబిసీనియా (ఇప్పటి ఇథియోపియా) మనిషి. (పేర్ల పక్కన రజి, స అని రాసేవి గౌరవంగా పలికే దువాలకు పొట్టి రూపాలు.) యజమాని ఉమయ్యా బిన్ ఖలఫ్, ఈయన ఇస్లాం స్వీకరించాడని తెలిసి, మిట్టమధ్యాహ్నం కాలే ఇసుకలో వెల్లకిలా పడుకోబెట్టి గుండెల మీద బండరాయి పెట్టించేవాడు. బిలాల్ నోట ఒకటే మాట, "అహద్, అహద్", దేవుడు ఒక్కడే అని. మే నెలలో నాపరాయి మీద ఉత్తకాళ్లతో నిలబడి చూసినవాళ్లకు ఆ వేడి ఎట్లుంటుందో వేరే చెప్పక్కర్లేదు. ప్రవక్త సహచరుడు అబూబకర్ (రజి) ఆయన్ని కొని స్వేచ్ఛ ఇచ్చారు. తర్వాత మదీనాలో అజాన్ మొదలైనప్పుడు ప్రవక్త (స) ఎంచుకున్నది ఈయన్నే. 630లో మక్కా విజయం రోజున కాబా మీదికెక్కి అజాన్ ఇచ్చిందీ ఈయనే, అంటే ఏ ఊళ్లో ఇసుకలో ఈడ్చారో అదే ఊళ్లో అందరికన్నా ఎత్తున నిలబడి. ప్రవక్త (స) పోయాక మదీనాలో ఉండలేక సిరియా వెళ్లిపోయారు, సమాధి డమాస్కస్‌లో బాబ్ అల్ సగీర్ శ్మశానంలో ఉంది. ప్రవక్త తర్వాత ముస్లింలను ఏలిన ఖలీఫాల్లో ఒకరైన ఉమర్ (రజి) అన్న మాట నాకు అన్నిటికన్నా ఇష్టం: అబూబకర్ మా నాయకుడు, ఆయన మా నాయకుడికి స్వేచ్ఛ ఇచ్చాడు అని. ఒకప్పటి బానిసను ఖలీఫా "మా నాయకుడు" అన్నాడు.

ఇక అర్థం. నెట్‌లో చూస్తే తలా ఒకటి రాస్తారు, విజేత అంటారు, నెలవంక అంటారు. నెలవంక హిలాల్, బిలాల్ కాదు. నాకు ముప్పై ఏళ్లు దాటాక, కువైట్‌లో గోదాములో పనిచేసేటప్పుడు, ఇది సరిగ్గా చెప్పింది ఒక సూడాన్ పెద్దాయన. వాళ్ల ఊళ్లో అరబ్బీ పాఠాలు చెప్పి, కువైట్‌కొచ్చి స్టోర్ రిజిస్టర్ రాసేవాడు. మధ్యాహ్నం నీళ్ల కూలర్ దగ్గర నా బతాకా (గుర్తింపు కార్డు) మీద పేరు చూసి, గ్లాసులో వేలు ముంచి ఆ తడిని నా అరచేతి మీద రాసి "ఇది, నీ పేరు ఇదే" అన్నాడు. బిలాల్ అంటే తడి. గొంతు తడపడానికి సరిపడే నీళ్లో పాలో. తోలుతిత్తిలో చుక్క నీరు లేదు అనడానికి పాత అరబ్బీలో తిత్తిలో బిలాల్ లేదు అనేవాళ్లట. ఇంకో మాట కూడా చెప్పాడు, ప్రవక్త మాటలు కూర్చిన బుఖారీ హదీసుల్లో ఉంది. రక్తసంబంధాన్ని దాని తడితో తడుపుతూ ఉంటాను అని ప్రవక్త (స) అన్నారు, ఆ వాక్యంలో తడికి వాడింది నా పేరే. హజ్రత్ బిలాల్ గొంతును మెచ్చుకుంటూ ప్రవక్త (స) అన్న "అందా" (ఇంకా ఇంపుగా, దూరం వినబడేది) అనే మాటకు కూడా మంచుతడికి అరబ్బీలో వాడే "నదా" చుట్టమే అని చెప్పాడు.

కరువు సీమలో పుట్టినవాణ్ని, ఎండిపోయిన బోర్లు చూస్తూ పెరిగినవాణ్ని, నా పేరు తడి అని వినగానే నోట మాట రాలేదు. అప్పటికి ఇంటి గోడ విషయంలో మా తమ్ముడితో రెండేళ్లుగా మాటల్లేవు. ఆ రాత్రి ఫోన్ చేశాను. ఇద్దరం గోడ ఊసెత్తలేదు, వాడి కూతురి చదువు గురించే మాట్లాడుకున్నాం.

ఇంకొకటి కూడా అప్పుడే గుర్తొచ్చింది. నాకు పదకొండేళ్లప్పుడు దాదాకు జ్వరం వచ్చి, అసర్ (సాయంత్రపు నమాజు) అజాన్ నన్నివ్వమన్నాడు. మైకు ముందు నిలబడితే గొంతు పెగలదు, నాలుక అంగిట్లో అతుక్కుపోయింది. దాదా దుప్పటి కప్పుకునే గోడ పట్టుకుంటూ వచ్చి, మూలనున్న కూజా వంచి స్టీలు గ్లాసులో నీళ్లు పోసి నా చేతికిచ్చి, "ముందు గొంతు తడుపుకో" అన్నాడు. అర్థం తెలియని మనిషి ఆ రోజు నాకు నా పేరే తాగించాడు.

ఎంత వాడుకలో ఉందంటే, మన దగ్గర తక్కువ, బయట చాలా ఎక్కువ. మా గోదాములో ఐదుగురు బిలాల్‌లం, ఇద్దరు పాకిస్తాన్, ఒకడు ఈజిప్ట్, ఒకడు బంగ్లాదేశ్ (వాళ్లు బెలాల్ అంటారు), నేను "బిలాల్ హిందీ", అంటే ఇండియా బిలాల్. ట్యునీషియా, అల్జీరియా వాళ్లు బిలెల్ అని కూడా రాస్తారు. మొరాకో తరఫున 2022 ప్రపంచకప్ ఆడిన బిలాల్ అల్ ఖన్నూస్‌ను ఫుట్‌బాల్ చూసేవాళ్లు ఎరుగుదురు. మాలి దేశపు పాత రాజవంశం కేతా వాళ్లు తమ మూలపురుషుడు హజ్రత్ బిలాలే అని చెప్పుకుంటారు. అమెరికాలో జార్జియా రాష్ట్రం పక్కన సపెలో అనే దీవిలో, 19వ శతాబ్దంలో, బిలాలీ ముహమ్మద్ అనే పశ్చిమాఫ్రికా బానిస అరబ్బీలో రాసుకున్న చిన్న పుస్తకం ఇప్పటికీ భద్రంగా ఉంది. 1975లో అక్కడి నల్లజాతి ముస్లింలు తమ పత్రికకు బిలాలియన్ న్యూస్ అని పేరు మార్చుకున్నారు. బానిసగా అమ్ముడుపోయినవాళ్ల పిల్లలు ఈ పేరును ఎంత గట్టిగా పట్టుకున్నారో ఇవన్నీ చదివాకే నాకు అర్థమైంది.

మనవాళ్ల దగ్గర నన్ను బాధపెట్టింది కూడా దీనికి సంబంధించిందే. "పిల్లోడు నల్లగా ఉండాడని ఆ పేరు పెట్టినారా?" అని పెళ్లిళ్లలో అడిగినవాళ్లున్నారు, అది కూడా ఐదు పూటలా నమాజు చదివేవాళ్లు. చిన్నప్పుడు తలదించుకునేవాణ్ని. ఇప్పుడు ఎవరైనా అంటే అక్కడే కూర్చోబెట్టి ఉమర్ (రజి) మాట చెప్తాను. కువైట్‌లో ఇథియోపియా డ్రైవర్లు మాత్రం నా పేరు వినగానే "మా మనిషి పేరు" అని భుజం తట్టేవాళ్లు. మన హైదరాబాదులో ఏసీ గార్డ్స్ అనే పేటకు ఆ పేరు నిజాం కొలువులోని ఆఫ్రికన్ కావల్రీ గార్డ్స్ (ఆఫ్రికా గుర్రపు దళం) వల్లే వచ్చింది, అంటే ఆ మనుషులు మనకు పరాయివాళ్లేం కాదు.

కాగితాల దగ్గర జాగ్రత్త. నా పదో తరగతి సర్టిఫికెట్‌లో ఎవరో ఇంగ్లీషులో బి తర్వాత ఐ బదులు ఈ రాశారు, పాస్‌పోర్టులో ఐ పడింది, వీసా టైములో రెండూ ఒక్కరే అని రుజువు చేయడానికి అఫిడవిట్ చేయించి రెండు నెలలు తిరిగాను, ఆ టెన్షన్ ఎవరికీ వద్దు. ఇంటిపేరు గడి కూడా ఖాళీ వదలొద్దు. ఒకే పేరున్న పాస్‌పోర్టుతో విజిట్ వీసా మీద వచ్చేవాళ్లను యూఏఈ 2022 నవంబరు నుంచి రానివ్వడం ఆపేసింది. మనకు షేక్ ఇంటిపేరుగా ఉంటుంది కానీ గల్ఫ్‌లో అది పెద్ద వంశాల బిరుదు, మొదటిసారి చూసినవాళ్లు ఏ వంశం అని అడుగుతారు, మా వైపు ఇది ఇంటిపేరని చెప్తే సరిపోతుంది.

ఆ కుర్రాడికి చివరికి చెప్పింది ఇదే. పెట్టుకో తమ్ముడూ, నేనైతే మళ్లీ పుట్టినా ఇదే పేరు కావాలంటాను. పుట్టుక 21 రోజుల్లో నమోదు చేయించు, పేరు ఖాయం కాకపోతే ఖాళీగా ఉంచి ఏడాదిలోపు రుసుము లేకుండా ఎక్కించుకోవచ్చు. స్పెల్లింగు మాత్రం కాగితం మీద రాసి ఇచ్చి, వాళ్లు ఎక్కించింది సంతకానికి ముందు ఒక్కో అక్షరం చూసుకో.