హన్మకొండలో ఇంటికి నెట్టు: ఫైబరా, ఎయిర్‌ఫైబరా?

1995 ఆగస్టు 15న మన దేశంలో ఇంటర్నెట్ జనం చేతికొచ్చింది. అప్పట్లో టెలిఫోన్ తీగ మీద వేగం కిలోబిట్లలో ఉండేది. ఇప్పుడు వంద మెగాబిట్ల ప్లాన్ మామూలైపోయింది. అది ఫైబర్ (కాంతిని మోసే గాజు పోగు తీగ) మీద రావాలా, 5జీ సిగ్నల్ మీద నడిచే ఎయిర్‌ఫైబర్ మీద రావాలా అన్నదే అసలు సంగతి.

మీ వీధిలో ఫైబర్ ఉంటే ఇంకో ఆలోచన వద్దు, ఫైబరే పెట్టించుకోండి. ఆపరేటర్ దగ్గర ఒక్కో జీపాన్ (ఒకే ఫైబర్‌ను చాలా ఇళ్లకు పంచే పద్ధతి) పోర్టుకు 2.5 గిగాబిట్ల డౌన్‌లోడ్ ఉంటుంది. దాన్ని సాధారణంగా 32 లేదా 64 ఇళ్లు పంచుకుంటాయి. 5జీ టవర్ కింద అలాంటి లెక్క ఉండదు. చుట్టుపక్కల ఫోన్లు, ఎయిర్‌ఫైబర్ బాక్సులు అన్నీ ఆ టవర్ మీదే. అందుకే రాత్రి తొమ్మిదింటికి వేగం పడిపోయే ప్రమాదం ఎక్కువ. పైగా 5జీలో ఎక్కువ సమయం డౌన్‌లోడ్‌కే పోతుంది, అప్‌లోడ్ వెనకబడుతుంది. ఆన్‌లైన్ క్లాసు చెప్పే టీచరుకు ఇది నిజంగా ఇబ్బంది.

ఫైబర్‌కు శత్రువులు బయటే ఉన్నారు. స్తంభాల మీంచి ఇంటికి వచ్చే తీగను (డ్రాప్ కేబుల్) కోతులు పట్టుకుని ఊగితే లోపలి గాజు పోగు తెగుతుంది. బాక్సు మీద ఎల్‌ఓఎస్ ఎర్రలైటు వెలిగిందంటే కాంతి అందట్లేదన్నట్టు. లైటు వెలగకున్నా నెట్టు పోతూ వస్తూ ఉంటే రౌటర్ పేజీలో ఆప్టికల్ పవర్, అంటే అందుతున్న కాంతి బలం, చూడండి. దాన్ని డీబీఎంలలో కొలుస్తారు, మైనస్ అంకె పెరిగేకొద్దీ బలం తగ్గినట్టు. -15 నుంచి -25 డీబీఎం మధ్య ఉంటే పర్వాలేదు. -27 కన్నా కిందికి పోతే కనెక్టర్‌లో దుమ్మయినా ఉంటుంది, అతుకైనా సరిగా పడి ఉండదు, గోడ మూల దగ్గర తీగ మడతైనా పడి ఉంటుంది. ఆకుపచ్చ కనెక్టర్‌ను నీలం దానితో కలిపినా కాంతి చాలా పోతుంది. వాటి కొసల కోణాలు వేరు.

ఫైబర్ ఇంకా రాని కాలనీలకు, తరచూ ఇల్లు మారే కిరాయిదారులకు ఎయిర్‌ఫైబర్ మంచిదే. కాకపోతే 3.5 గిగాహెర్ట్జ్ సిగ్నల్ గోడల్ని సరిగా దాటలేదు. బయటి యూనిట్‌ను డాబా మీద, నీళ్ల ట్యాంకు గానీ వేపచెట్టు గానీ అడ్డం రాకుండా టవర్ వైపు బిగించాలి. పద్మాక్షి గుట్ట లాంటిది మధ్యలో ఉంటే ఎంత తిప్పినా లాభం లేదు. సిగ్నల్ -90 డీబీఎం దగ్గర ఉంటే ఒప్పుకోండి, -105 చూపిస్తే వద్దనండి. డబ్బు కట్టకముందే పక్కింటివాళ్ల దగ్గర రాత్రిపూట స్పీడ్ టెస్ట్ చేయించుకోండి.

ఊళ్లల్లో అయితే పంచాయతీ ఆఫీసు దాకా భారత్‌నెట్ (పల్లెలకు నెట్టు ఇచ్చే ప్రభుత్వ పథకం) ఫైబర్ వచ్చిందా, అక్కడినుంచి ఇళ్లకు ఇస్తున్నారా అని ముందు అడగండి.

ఏది పెట్టించుకున్నా కరెంటు పోతే బాక్సు ఆగిపోతుంది. అప్పుడు దాన్ని నడిపే చిన్న బ్యాటరీ, అదే మినీ యూపీఎస్, కొనేటప్పుడు బాక్సు అడాప్టర్ మీద రాసింది చూడండి. వోల్టులు సరిగ్గా అవే ఉండాలి, ఆంపియర్లు ఎక్కువున్నా ఇబ్బంది లేదు.