ప్లేస్టేషన్ కంట్రోలర్‌తో నింటెండో స్విచ్: మూడున్నరేళ్ల వాడకం తర్వాత

నల్లగొండలో మా ఇంట్లో టీవీ కింద రెండు గేమ్ కన్సోళ్లు ఉన్నాయి. 2016లో కొన్న ప్లేస్టేషన్ 4 ఒకటి, 2021 దసరాకు హైదరాబాద్ నుంచి తెచ్చుకున్న నింటెండో స్విచ్ రెండోది. స్విచ్‌ను నింటెండో మన దేశంలో అధికారికంగా విడుదల చేయలేదు కాబట్టి అది దిగుమతి సరుకుగానే దొరుకుతుంది. దానికి విడిగా కొనుక్కునే ప్రో కంట్రోలర్ కూడా అంతే. ఆనాడు దుకాణంలో నాకు చెప్పిన ధర ఆరు వేల రూపాయల పైమాటే. పీఎస్4తో వాడుతున్న డ్యూయల్‌షాక్ 4 కంట్రోలర్లు రెండు ఇంట్లో శుభ్రంగా పనిచేస్తుండగా మళ్లీ అంత ఖర్చు పెట్టడానికి మనసొప్పలేదు. 1,800 రూపాయలు పెట్టి, వేలెడంత కూడా లేని ఒక బ్లూటూత్ అడాప్టర్ కొన్నాను. అప్పటి నుంచి టీవీ ముందు స్విచ్ ఆడినప్పుడల్లా నా చేతిలో ఉన్నది డ్యూయల్‌షాకే.

స్విచ్, డ్యూయల్‌షాక్ రెండూ బ్లూటూత్‌తోనే పనిచేస్తాయి గానీ, ఒకదాని భాష ఇంకొకదానికి తెలియదు. అడాప్టర్ వాటి మధ్య దుబాసీగా నిలబడి, కంట్రోలర్ చెప్పింది విని, కన్సోల్‌కు తానొక ప్రో కంట్రోలర్‌నని చెప్పుకుంటుంది. దీనికోసం ముందుగా స్విచ్ సెట్టింగులలో ‘కంట్రోలర్స్ అండ్ సెన్సర్స్’ కింద ఉన్న ‘ప్రో కంట్రోలర్ వైర్డ్ కమ్యూనికేషన్’ను ఆన్ చేయాలి. ఆ తర్వాత అడాప్టర్ మీది బటన్ నొక్కి, డ్యూయల్‌షాక్ మీద షేర్, పీఎస్ బటన్లను కలిపి, ముందున్న లైటు గబగబా మెరిసే వరకు పట్టుకుంటే రెండూ కలుస్తాయి. ఎంత పట్టుకున్నా కలవని రోజున కంట్రోలర్‌ను తిరగేసి చూడండి, ఎల్2 బటన్‌కు దగ్గరలో సూదిమొన పట్టేంత రంధ్రం ఒకటి ఉంటుంది. అందులో చీర పిన్నుతో ఒకసారి మెల్లగా నొక్కితే అది పాత జ్ఞాపకాలన్నీ వదిలేసి మళ్లీ కలవడానికి సిద్ధమవుతుంది. నాకు ఈ అవసరం నాలుగైదు సార్లు వచ్చింది.

మొదటి నెలలో సిగ్నల్ తెగిపోవడం నన్ను బాగా ఇబ్బంది పెట్టింది. ఆట మధ్యలో బండి తనంతట తాను గోడవైపు వెళ్లిపోయేది. అడాప్టర్ తగిలించిన డాక్‌ను, అంటే స్విచ్‌ను నిలబెట్టి టీవీకి కలిపే పెట్టెను, టీవీ వెనక పెట్టడం, దాని పక్కనే వైఫై రౌటర్ ఉండటం అందుకు కారణాలని కొన్నాళ్లకు తేలింది. బ్లూటూత్ వాడేదీ, మా రౌటర్ వాడేదీ ఒకే 2.4 గిగాహెర్ట్జ్ పౌనఃపున్యం. రౌటర్‌ను వేరే గోడకు మార్చి, డాక్ పక్కనున్న యూఎస్‌బీ పోర్టుకు జానెడు ఎక్స్‌టెన్షన్ వైరు తగిలించి, అడాప్టర్ మేము కూర్చునే వైపు కనబడేలా ముందుకు తెచ్చాను. ఆ తర్వాత సిగ్నల్ తెగిన సందర్భాలను వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు.

అసలు కష్టం చేతి అలవాటుది. నింటెండో కంట్రోలర్ మీద కుడివైపు ఏ, కింద బీ, పైన ఎక్స్, ఎడమవైపు వై ఉంటాయి. అవే నాలుగు చోట్ల డ్యూయల్‌షాక్‌లో వరుసగా వృత్తం, క్రాస్, త్రిభుజం, చతురస్రం ఉంటాయి. అడాప్టర్ బటన్లను స్థానాన్ని బట్టి కలుపుతుంది గనుక స్విచ్‌లో ‘సరే’ అనడానికి వృత్తాన్ని, ‘వద్దు’ అనడానికి క్రాస్‌ను నొక్కాలి. మన దేశంలో అమ్మిన పీఎస్4లో సరిగ్గా దీనికి తలకిందులు. ఐదేళ్లు ఒకలాగా నొక్కిన బొటనవేలు ఒక్క రోజులో మాట వినదు. సేవ్ చేయాలా అని ఆట అడిగిన చోట అలవాటుగా క్రాస్ నొక్కి, గంటసేపటి ఆటను ఒకసారి పోగొట్టుకున్నాను. జపాన్‌లో వృత్తం ఒప్పుకు, క్రాస్ తప్పుకు గుర్తు కావడంతో అక్కడి ప్లేస్టేషన్లలో కూడా మొదటి నుంచి వృత్తమే ‘సరే’గా ఉండేది, 2020లో పీఎస్5 వచ్చినప్పుడే సోనీ అక్కడ కూడా క్రాస్‌కు మార్చింది. ఆ లెక్కన స్విచ్ ముందు నా డ్యూయల్‌షాక్ పుట్టింటి పద్ధతికి తిరిగి వెళ్లినట్టే.

దీనికంటే చిక్కైనది ఎక్స్ బటన్. తెర మీద ‘ఎక్స్’ అని కనబడగానే కన్ను కంట్రోలర్ మీద ఆ ఆకారం ఉన్న క్రాస్‌ను వెతుక్కుంటుంది. కానీ స్విచ్ అడుగుతున్నది పైనున్న బటన్‌ను, అంటే త్రిభుజాన్ని. స్విచ్‌లో 2020 ఏప్రిల్‌లో వచ్చిన 10.0.0 అప్‌డేట్‌తో బటన్లను మార్చుకునే వీలు కలిగింది గనుక అది కూడా చేసి చూశాను. బటన్లు మారాయి గానీ తెర మీది సూచనలు మాత్రం పాతవే వస్తాయి కాబట్టి గందరగోళం రెట్టింపయింది, రెండు రోజులకే తీసేశాను. చివరికి అమ్మ దగ్గర ఒక ఎర్రటి చిన్న బొట్టుబిళ్ల తీసుకుని త్రిభుజం మీద అంటించాను. చెమటకు అది వారంలో ఊడిపోయింది, అప్పటికి వేలికి దారి తెలిసిపోయింది. సెలవులకు మిర్యాలగూడ నుంచి వచ్చే అక్క కొడుకు అంతకుముందు ప్లేస్టేషన్ ముట్టుకోలేదు; వాడికి గుర్తుల పేర్లు చెప్పకుండా పైది, కిందిది, కుడిది అని మాత్రమే చెప్తే పది నిమిషాల్లో పట్టుకున్నాడు. కొత్తవారికి నేర్పేటప్పుడు ఇదే మంచి పద్ధతి.

ఒకరోజు వాడే అన్నాడు: “మామా, నేను ఒత్తినంక ఎంత సేపటికో దుంకుతున్నడు.” వైర్లెస్ అడాప్టర్ మధ్యలో ఉంది కాబట్టి ఆలస్యం దానిదేనని నేను కూడా అనుకున్నాను. స్విచ్‌ను డాక్ నుంచి తీయకుండానే దానితో పాటే వచ్చే చిన్న కంట్రోలర్ జాయ్‌కాన్‌తో అదే ఆట ఆడి చూస్తే అప్పుడు కూడా అంతే ఆలస్యం కనబడింది. తప్పు టీవీది, బొమ్మను నునుపు చేయడానికి అది వాడుకునే సమయం అక్కడ తెలుస్తోంది. టీవీలో గేమ్ మోడ్ ఆన్ చేయగానే తేడా పిల్లవాడికి సైతం తెలిసింది. అడాప్టర్ వల్ల ఆలస్యం అసలే ఉండదని నేను అనను, కానీ మారియో కార్ట్ 8 డీలక్స్ వంటి వేగమైన ఆటలో ఇన్నేళ్లలో అది నాకు అడ్డం రాలేదు.

కంట్రోలర్‌ను వంచి ఆడే చోట డ్యూయల్‌షాక్‌లోని కదలిక సెన్సర్లు బాగా పనిచేశాయి. బ్రెత్ ఆఫ్ ద వైల్డ్ అనే ఆటలో చేతిని వంచి గోళీని దొర్లించవలసిన గుడిని దీనితోనే పూర్తి చేశాను. ఎల్2, ఆర్2 ఎంత లోతుగా నొక్కామో డ్యూయల్‌షాక్ కొలుస్తుంది గానీ, స్విచ్ వాటిని నొక్కామా లేదా అనే మేరకే చూస్తుంది. డ్యూయల్‌షాక్‌లో ఉన్నవి రెండు సాధారణ మోటార్లు కాబట్టి జాయ్‌కాన్‌లోని సన్నటి కంపనం ఇందులో రాదు, చేతికి మొద్దుగా తగులుతుంది. దీన్ని నేను నిజమైన లోటుగానే భావిస్తాను. ఆనించిన వస్తువులోని చిప్‌ను చదివే ఎన్‌ఎఫ్‌సీ ఇందులో లేదు గనుక, అమీబో అనే నింటెండో చిప్ బొమ్మలను ఆనించలేము. హెడ్‌ఫోన్ పెట్టుకుంటే మా అడాప్టర్‌తో శబ్దం రాదు. నిద్రలో ఉన్న స్విచ్‌ను కూడా ఇది లేపలేదు, ప్రతిసారీ లేచి వెళ్లి కన్సోల్ మీదనే బటన్ నొక్కాలి. రింగ్ ఫిట్ అడ్వెంచర్ లాంటి వ్యాయామపు ఆటలకు జాయ్‌కాన్ తప్పనిసరి.

ఎండాకాలం గాలిదుమారం రాగానే మా వీధిలో కరెంటు పోతుంది. డాక్‌కు విద్యుత్తు ఆగగానే అడాప్టర్ కూడా ఆగిపోతుంది, కాబట్టి అప్పుడు జాయ్‌కాన్లు తగిలించి స్విచ్‌ను చేతిలోకి తీసుకుంటాము. కరెంటు వచ్చాక పీఎస్ బటన్ ఒక్కసారి నొక్కితే అడాప్టర్‌తో తిరిగి కలుస్తుంది. డ్యూయల్‌షాక్ బ్యాటరీ 1000 మిల్లీఆంపియర్ అవర్లదే. మా పాత కంట్రోలర్లు ఇప్పుడు సుమారు ఐదు గంటలు వస్తున్నాయి.

ఇంట్లో డ్యూయల్‌షాక్ ఉండి, స్విచ్‌ను ఎక్కువగా టీవీ ముందే ఆడేవారు ఈ అడాప్టర్‌ను నిశ్చింతగా కొనవచ్చు. ప్రయాణంలో ఆడేవారికి, అమీబోలు సేకరించేవారికి ప్రో కంట్రోలరే తగినది. రెండు కన్సోళ్లకూ ఒకే కంట్రోలర్ వాడదలచినవారు మాత్రం ఒక్క సంగతి గుర్తుంచుకోవాలి: అడాప్టర్‌తో కలిపిన డ్యూయల్‌షాక్ మళ్లీ పీఎస్4కు వెళ్లాలంటే దాన్ని మైక్రో యూఎస్‌బీ వైరుతో పీఎస్4కు తగిలించి పీఎస్ బటన్ నొక్కాలి. ఫోన్ చార్జింగ్ కోసం అమ్మే చవక వైర్లలో కొన్నింటికి డేటా తీగలు ఉండవు. అలాంటి వైరుతో ఒక సాయంత్రమంతా ప్రయత్నించి, కంట్రోలర్ చెడిపోయిందనే అనుకున్నాను. మరునాడు ప్రకాశం బజార్‌లో డేటా వైరు అని అడిగి తెచ్చి తగిలిస్తే మొదటిసారికే కలిసింది. ఆ వైరుకు ఎర్రదారం కట్టి, టీవీ పక్కన మేకుకు తగిలించాను. దాన్ని చార్జింగ్‌కు ఎవరూ తీయరు.