ప్లస్ గుర్తు కిటుకు: ఆరేళ్లు వాడాక

ఏ సైట్‌లో చేరినా నా జీమెయిల్ పేరు పక్కన ప్లస్ గుర్తు పెట్టి, ఆ సైట్‌ని గుర్తుచేసే మాట తగిలించి ఇస్తున్నాను. ప్లస్ తర్వాత ఏమున్నా జీమెయిల్ పట్టించుకోదు, మెయిల్ నా మామూలు ఇన్‌బాక్స్‌కే వస్తుంది. ఆరేళ్లయింది. ఎలా చేయాలో చాలామందికి తెలిసిందే, అది వదిలేస్తాను. నాకు దీని మీద ఇంత ఇష్టం ఎందుకంటే, స్పామ్ ఎక్కడ మొదలైందో పట్టిస్తుంది.

రెండో ఏడాదిలో లోన్ ఇస్తామంటూ వరసగా మెయిల్స్ వచ్చాయి. పంపినవాళ్ల పేరు రోజుకొకటి. 'టు' దగ్గర చూస్తే ప్లస్ పక్కన 'ఫొటోస్' అని ఉంది. ఆ మాట నేను ఒకే ఒక్క చోట ఇచ్చాను, ఫొటోలు ప్రింట్ చేసే ఒక సైట్‌లో. ఎంత సంతోషం వేసిందో! ఆ చిరునామాకి వచ్చేవన్నీ ట్రాష్‌కి పోయేలా ఫిల్టర్ పెట్టాను, గొడవ వదిలింది. వాళ్లే అమ్ముకున్నారని అప్పట్లో అందరికీ చెప్పాను కూడా. ఇప్పుడు అంత గట్టిగా చెప్పను. ఎవరి దగ్గర నుంచి బయటికొచ్చిందో తెలుస్తుంది గానీ, అమ్మారా, ఎవరైనా కాజేశారా అన్నది తెలియదు.

నన్ను నిజంగా ఏడిపించింది ఒక కోర్సుల సైట్. రోజుకు మూడు ప్రచార మెయిల్స్. కొన్న కోర్సుల రసీదులూ అదే చిరునామాకి వస్తాయి, ట్రాష్‌కి పంపలేను. అన్‌సబ్‌స్క్రైబ్ నొక్కితే 'ఈ చిరునామా మా జాబితాలో లేదు' అంటుంది. లేకపోతే మెయిల్స్ ఎవరికి పంపుతున్నట్టు? సపోర్ట్‌కి రాస్తే, నమోదు చేసిన చిరునామా నుంచే రాయమన్నారు. నా మెయిల్ ప్లస్ లేని అసలు పేరుతో వెళ్తోంది మరి. రెండు నెలలు ఇదే టెన్షన్.

చివరికి ఆ లింక్‌ని అక్షరం అక్షరం చూశాను. నా చిరునామా అందులోనే ఉంది, ప్లస్‌తో సహా. వెబ్ లింకుల్లో ప్రశ్న గుర్తు తర్వాత వచ్చే ప్లస్‌ని చాలా సర్వర్లు ఖాళీ స్థలంగా (స్పేస్) చదువుతాయి. అంటే వాళ్లు నా పేరు మధ్యలో ఖాళీ ఉన్న మనిషి కోసం వెతుకుతున్నారు! ప్లస్ తీసేసి ఆ చోట శాతం గుర్తు, రెండు, క్యాపిటల్ బీ (లింకుల్లో ప్లస్‌కి కోడ్ అదే) టైప్ చేసి ఎంటర్ కొట్టాను. ఒక్క దెబ్బకి జాబితాలోంచి తీసేశారు. ఆ తర్వాత జీమెయిల్ సెట్టింగ్స్‌లో 'సెండ్ మెయిల్ యాజ్' కింద ఆ చిరునామానీ చేర్చుకున్నాను, మళ్లీ ఎవరైనా అడిగితే దాని నుంచే రాయొచ్చని.

చుక్కల కిటుకూ చూశాను, అంటే ఒక్కో సైట్‌కి పేరు మధ్యలో ఒక్కో చోట చుక్క పెట్టి ఇవ్వడం. జీమెయిల్ చుక్కల్ని పట్టించుకోదు, నిజమే. కానీ ఏ చుక్క ఎవరికిచ్చానో గుర్తుండదు.

ప్లస్ దగ్గర నుంచి కోసేస్తే నా అసలు చిరునామా ఎవరికైనా దొరుకుతుంది. అందుకే నమ్మకం లేని చోట ఈమధ్య ఫైర్‌ఫాక్స్ రిలే చిరునామా (అసలుది దాచి, వచ్చిన మెయిల్‌ని నాకు చేరవేసే మారు చిరునామా) ఇస్తున్నాను. కొన్ని ఫారాలు ప్లస్‌నే ఒప్పుకోవు, అక్కడా అదే. మిగతా చోట్ల ప్లస్ మానను. నాకు పాస్‌వర్డ్ మేనేజర్ ఉంది, ఏ సైట్‌కి ఏ మాట ఇచ్చానో అదే గుర్తుంచుకుంటుంది. అది వాడనివాళ్లకి లాగిన్ దగ్గరే చిక్కు రావొచ్చు.